కన్ను ఎంత మెలి తిరిగింది? కొలిచే పరీక్షలపై ఒక సమీక్ష

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి, కట్లు విప్పేశాక కంటి డాక్టరు దగ్గరికి వచ్చి చెప్పుకునే బాధ ఒక పట్టాన అర్థం కాదు. ఎదురుగా చూస్తే ఫర్వాలేదంటాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టూ రెండుగా, అందులో ఒకటి వాలుగా కనిపిస్తోందంటాడు. పేపరు చదవబోతే వరసలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయంటాడు. ఒక కన్ను మూస్తే అంతా సర్దుకుంటుంది. చార్టు మీద చివరి వరస దాకా తడుముకోకుండా చదివేస్తాడు. చూసేవాళ్లకు కళ్లు రెండూ తిన్నగానే ఉంటాయి. స్కాన్‌లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. దాంతో అంతా బాగానే ఉంది, అదే తగ్గుతుంది అని చెప్పి పంపేయడం తరచూ జరిగేదే.

అతని కన్ను పక్కకు పోలేదు. పైకీ కిందికీ కూడా పెద్దగా పోలేదు. ఉన్నచోటే మెలి తిరిగింది. ఈ మెలిని కళ్లతో చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే నల్లగుడ్డు గుండ్రంగా ఉంటుంది. గుండ్రటిది తిరిగినా తిరగనట్టే కనిపిస్తుంది. అందుకే దీన్ని పరీక్ష పెట్టి కొలవాలి. ఆ పరీక్షలు ఒకటి రెండు కాదు, పది దాకా ఉన్నాయి. ఒకే రోగికి ఒకే రోజు వాటిలో మూడు చేస్తే మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. ఏ అంకెను నమ్మాలన్నదే ఈ వ్యాసంలో చూడబోయే విషయం.

ముందు కంటి పని కాస్త తెలుసుకోవాలి. కనుగుడ్డును ఆరు కండరాలు తిప్పుతాయి. వాటిలో పైనున్న రెండు, అంటే సుపీరియర్ ఆబ్లిక్, సుపీరియర్ రెక్టస్, కంటి పైభాగాన్ని ముక్కు వైపు వాలుస్తాయి. కిందనున్న రెండూ చెవి వైపు వాలుస్తాయి. ఈ లాగుడు సమానంగా ఉన్నంతకాలం మెలి ఉండదు. తల పక్కకు వంచితే కళ్లు ఎదురు దిశలో కొద్దిగా తిరుగుతాయని 1838లోనే హ్యూక్ అనే శాస్త్రవేత్త రాశాడు. 1860లలో ఫ్రెంచి వైద్యుడు ఎమిల్ జవాల్, తల వంచినప్పుడు తన ఆస్టిగ్మాటిజం అద్దాలు సరిగా కుదరకపోవడం గమనించి ఆ మాటకు బలమిచ్చాడు.

సుపీరియర్ ఆబ్లిక్‌ను నడిపేది నాలుగో కపాల నరం. పన్నెండు కపాల నరాల్లో అన్నిటికన్నా సన్ననిది ఇదే. మెదడు కాండం వెనుక వైపు నుంచి బయటికొచ్చేదీ ఇదొక్కటే. కపాలం లోపల అన్నిటికన్నా ఎక్కువ దూరం ప్రయాణించేదీ ఇదే. కుడి నరం, ఎడమ నరం పుట్టిన చోటే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఆ కూడలిలో రెండూ ఒకేసారి దెబ్బతినవచ్చు. అప్పుడు రెండు కళ్లూ బయటికి, అంటే పైభాగం చెవి వైపుకు, మెలి తిరుగుతాయి. ఎత్తుపల్లాల తేడా ఒకదానికొకటి చెల్లిపోయి కనిపించకుండా పోతుంది, మెలి మాత్రం కూడుతుంది. మొదట చెప్పిన మనిషి కళ్లు తిన్నగా కనిపించడానికి కారణం అదే. హెల్మెట్ లేని బండి ప్రయాణాలు ఇంతగా ఉన్న మన రాష్ట్రాల్లో ఇలాంటి వాళ్లు అరుదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

పరీక్షల్లో పెద్దది, పాతది, అన్నిచోట్లా దొరికేది డబుల్ మ్యాడక్స్ రాడ్. బ్రిటిష్ వైద్యుడు ఎర్నెస్ట్ మ్యాడక్స్ 1890 ప్రాంతంలో ఈ గాజును వాడుకలోకి తెచ్చాడు. సన్నటి గాజు కడ్డీలను పక్కపక్కన పేర్చినట్టుండే బిళ్ల అది. దాంట్లోంచి చిన్న దీపాన్ని చూస్తే దీపం బదులు ఒక గీత కనిపిస్తుంది. కడ్డీలు నిలువుగా ఉంటే గీత అడ్డంగా ఉంటుంది. కళ్లద్దాల షాపుల్లో ఉండే ట్రయల్ పెట్టెలో సాధారణంగా ఎర్ర బిళ్ల ఒకటి, తెల్ల బిళ్ల ఒకటి ఉంటాయి.

పరీక్ష చేసే తీరు దగ్గరగా చూడాల్సిందే, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే దొర్లుతాయి. రోగికి ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, రెండు కళ్ల ముందూ రెండు బిళ్లలూ బిగించి, వాటి గుర్తులను సరిగ్గా 90 దగ్గర నిలబెడతారు. గదిలో లైట్లు తగ్గిస్తారు. ఎదురుగా చిన్న దీపం వెలిగిస్తారు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే తేడా తెలియదు కాబట్టి, ఒక కంటి ముందు నాలుగైదు డయాప్టర్ల నిలువు ప్రిజం పెట్టి వాటిని విడదీస్తారు. బయటికి మెలి తిరిగిన కంటికి దాని గీత ముక్కు వైపు కిందికి వాలినట్టు కనిపిస్తుంది. "రెండూ సమానంగా వచ్చేదాకా మీరే తిప్పండి" అని ఫ్రేమ్ పక్కనున్న మర రోగి చేతికిస్తారు. గీతలు సమాంతరమయ్యాక ఫ్రేమ్ మీద అంకె చదువుతారు. బిళ్ల పైభాగం చెవి వైపు తిరిగితే మెలి బయటికి, ముక్కు వైపు తిరిగితే లోపలికి. ఇంతే పరీక్ష. పట్టుమని ఐదు నిమిషాలు పట్టదు, ఖర్చు లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

ఇంత తేలిక పరీక్షలోనూ చిక్కులున్నాయి. ఫ్రేమ్ ఒక చెవి మీద కాస్త జారితే రెండు మూడు డిగ్రీలు అక్కడే పోతాయి. చాలా ఫ్రేముల మీద గీతలు 5 డిగ్రీలకు ఒకటి చొప్పున ఉంటాయి, మధ్యలోది అందాజు. రోగి ఇటు నుంచి తిప్పుకుంటూ వస్తే ఒక అంకె, అటు నుంచి తిప్పుకుంటూ వస్తే ఇంకో అంకె. రెండు వైపుల నుంచీ చేసి సగటు తీసుకోవాలి. గదిలో కిటికీ అంచో తలుపు చౌకట్టో మసకగా కనిపిస్తున్నా రోగి గీతను దానికి సరిపెడతాడు తప్ప రెండో గీతకు సరిపెట్టడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రంగుతో వస్తుంది. ఒక కంటికి ఎరుపు, ఇంకో కంటికి తెలుపు పెట్టినప్పుడు రోగికి ఎర్ర గీతే వాలినట్టు అనిపించే గుణం ఉంది. 1994లో కర్ట్ సైమన్స్, కైల్ ఆర్నాల్డీ, బ్రౌన్ ఈ సంగతిని పరీక్షించి చూపించారు. ఎర్ర బిళ్లను ఆ కంటి నుంచి ఈ కంటికి మారిస్తే మెలి కూడా దానితోపాటే కన్ను మారిపోతుంది. అంటే ఏ కన్ను మెలి తిరిగిందో ఈ పరీక్ష చెబుతుందన్న నమ్మకం నిలవదు. రెండు కళ్ల మధ్య మొత్తం మెలి ఎంతన్నది మాత్రం నిలుస్తుంది. రెండు బిళ్లలూ ఒకే రంగువి వాడమని ఆ పని తర్వాత నిపుణులు చెబుతూనే ఉన్నారు. ట్రయల్ పెట్టెలో ఎరుపూ తెలుపూ కలిసి వస్తున్నంతకాలం చేసేవాళ్లు వాటినే వాడుతూ ఉంటారు. ఇంకో ఎర్ర బిళ్ల కొనడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

ఎర్ర బిళ్ల సంగతి అటుంచినా ఇంకో మౌలికమైన ప్రశ్న ఉంది. మ్యాడక్స్ రాడ్ పెట్టగానే గది అంతా మాయమై రెండు గీతలే మిగులుతాయి. రోజువారీ బతుకులో కళ్లు అలా చూడవు. రెండు బొమ్మలూ కొద్దిగా వాలినా వాటిని కలిపి ఒకటిగా చూపించడానికి మెదడు కొన్ని డిగ్రీల మేర సర్దుకుంటుంది. మ్యాడక్స్ రాడ్ ఆ సర్దుబాటును తెంపేస్తుంది. అందువల్ల దాచుకున్న మెలి కూడా బయటపడుతుంది, అంకె పెద్దదవుతుంది. ఇటలీ వైద్యుడు బ్రూనో బాగోలీని చేయించిన గీతల గాజు దీనికి ఉల్టా. గాజు మీద కంటికి ఆనని సన్నటి గీతలుంటాయి. దాంట్లోంచి గది మామూలుగానే కనిపిస్తుంది, దీపం మీద ఒక పలుచటి వెలుగు చార మాత్రం పడుతుంది. ఇక్కడ వచ్చే అంకె చిన్నది. మనిషి ఇంట్లో, బజార్లో నిజంగా పడుతున్న ఇబ్బందికి దగ్గరి అంకె మాత్రం అదే. ఆపరేషను తర్వాత రోగి బాగున్నానంటున్నాడా లేదా అన్న ప్రశ్నకు నేనైతే మ్యాడక్స్ కన్నా బాగోలీని గాజునే అడుగుతాను.

జపాన్ వైద్యుడు అవయా చేసిన చిన్న పుస్తకం ఇంకో దారి. పేజీల్లో ఎర్ర, ఆకుపచ్చ అర్ధచంద్రాకారాల జతలుంటాయి. ఒక్కో జతలో ఒకటి మరోదానికన్నా కొంత ఎక్కువ వాలి ఉంటుంది. రంగు కళ్లద్దాలు పెట్టుకుని, ఏ జత సమాంతరంగా కనిపిస్తోందో రోగి చూపించాలి. పిల్లలకు సులువు, జేబులో పడుతుంది. మ్యాడక్స్ రాడ్‌తో పోలిస్తే మెలిని తక్కువ చేసి చూపిస్తుందన్నది దీనిమీద ఉన్న ఫిర్యాదు. పెద్ద మెలి ఉన్నవాళ్లకు దీనితో సరిపెట్టకూడదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎక్కువగా ఎదుటి చూపుకే. మెలి ఒకే అంకెగా ఉండదు, చూపు తిరిగిన కొద్దీ మారుతుంది. నాలుగో నరం దెబ్బతింటే కిందికి చూసినప్పుడు పెరుగుతుంది. మెట్లూ పేపరూ కష్టమయ్యేది అందుకే. ట్రయల్ ఫ్రేమ్‌తో తొమ్మిది దిక్కుల చూపు కొలవడం కుదరని పని. ఇక్కడే సినాప్టోఫోర్ అక్కరకొస్తుంది. రెండు గొట్టాల్లోంచి రెండు కళ్లకు రెండు బొమ్మలు చూపించే పెద్ద యంత్రం అది. గొట్టాలను ఏ దిక్కుకైనా తిప్పి, బొమ్మను దాని చోటే మెలితిప్పి డిగ్రీల్లో చదవచ్చు. మనవైపు పాత మెడికల్ కాలేజీల కంటి విభాగాల్లో ఈ యంత్రం ఓ మూలన గుడ్డ కప్పుకుని ఉండటం మామూలే. గుడ్డ తీసి వాడేవాళ్లు కావాలి.

తెర మీద చేసే పరీక్షల్లో అందరికీ తెలిసింది హెస్ చార్టు. 1908లో దీన్ని తెచ్చిన వాల్టర్ హెస్ తర్వాత మెదడు పరిశోధనకు 1949లో నోబెల్ అందుకున్నాడు. హెస్ చార్టు చుక్కలతో పని చేస్తుంది, చుక్క మెలి తిరిగితే తెలియదు కాబట్టి ఈ పనికి పనికిరాదు. 1939లో వాల్టర్ లాంకాస్టర్ చుక్కల బదులు ఎర్ర, ఆకుపచ్చ వెలుగు గీతలు వాడాడు. తెర మీద డాక్టరు గీతకు రోగి తన గీతను జోడించాలి. అది ఎంత వాలితే మెలి అంత. జర్మనీలో హార్మ్స్ తెర దీనికన్నా ఖచ్చితమైనది, తల ఎటు తిరిగిందో కూడా తెర మీదే తెలుస్తుంది. దానికి పెద్ద గోడ, శిక్షణ పొందిన మనిషి, తీరిక కావాలి. ఈ మూడూ ఉన్నచోట అది మేలైన పరీక్ష. మన దగ్గర అది మామూలు పరీక్ష అవుతుందని చెప్పలేను.

ఇవన్నీ రోగి నోటిమాట మీద ఆధారపడిన కొలతలు. రెండో జాతి పరీక్షలు రోగిని ఏమీ అడగవు, కంటి లోపలే చూస్తాయి. నల్లగుడ్డు గుండ్రమైనా రెటీనా మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి కంటి నరం మొదలయ్యే ఆప్టిక్ డిస్క్, ఇంకోటి చూపుకు కేంద్రమైన ఫోవియా. మామూలు కంట్లో ఫోవియా డిస్క్ మధ్య నుంచి కొంచెం కిందికి, డిస్క్ కింది మూడో వంతు ఎత్తులో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే గీత అడ్డగీతతో చేసే కోణాన్ని 1982లో బిక్సెన్‌మన్, ఫాన్ నూర్డెన్ కొలిచారు. సగటు 7 డిగ్రీల పైచిలుకు వచ్చింది. గడియారంలో ఒక నిమిషం గీత 6 డిగ్రీలు, అంటే దాదాపు ఒక నిమిషమంత వాలు అందరికీ ఉన్నదే. ఫోవియా డిస్క్ కింది అంచు కన్నా దిగితే మెలి బయటికి. డిస్క్ మధ్య కన్నా పైకొస్తే మెలి లోపలికి. ఇండైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌లో చూసేవాళ్లకు బొమ్మ తలకిందులుగా వస్తుంది కాబట్టి లెక్క తిరగేసుకోవాలి. ఈ అలవాటు ఉన్న డాక్టరు పసిపిల్లల్లో కూడా క్షణంలో మెలిని పసిగడతాడు.

ఫండస్, అంటే కంటి లోపలి వెనక గోడ, ఫోటో తీసి కోణం కొలవడం దానికి తర్వాతి మెట్టు. ఇప్పుడు రెటీనాను పొరలుగా స్కాన్ చేసే కొన్ని ఓసీటీ యంత్రాలు డిస్క్‌నూ ఫోవియానూ గుర్తించి ఆ కోణాన్ని అవే చెప్పేస్తున్నాయి. అంకె యంత్రం నుంచి వచ్చింది కదా అని కళ్లు మూసుకుని నమ్మే ప్రమాదం ఇక్కడే ఉంది. రోగి తల 10 డిగ్రీలు వంచితే కళ్లు ఎదురు తిరిగేది 1, 2 డిగ్రీలే. మిగతా 8, 9 డిగ్రీలు ఫోటోలో కంటి మెలిగా పడతాయి. నాలుగో నరం రోగులకు తల వంచే అలవాటు ఎలాగూ ఉంటుంది! ఒక ఊరట ఏమిటంటే, తల కుడికి వంగితే ఒక కంట్లో మెలి ఎంత పెరిగినట్టు కనిపిస్తుందో రెండో కంట్లో అంతే తగ్గినట్టు కనిపిస్తుంది. రెండు కళ్ల అంకెలూ కలిపితే తల వంపు చెల్లిపోతుంది. అయితే రెండు ఫోటోలకూ తల ఒకే తీరులో ఉండాలి. ఒక కన్ను తీశాక రోగిని లేపి, మళ్లీ కూర్చోబెట్టి రెండోది తీస్తే ఈ లెక్క పనిచేయదు. ఇక్కడ కూడా మ్యాడక్స్ దగ్గర తేలిందే తేలుతోంది. ఒక్కో కంటి అంకె కన్నా రెండు కళ్ల మొత్తమే గట్టిది. రిపోర్టులో ముందు రాయాల్సింది అదే.

ఇక అసలు వాదానికి వద్దాం. పరీక్షలను పోల్చిన పరిశోధనల్లో చాలావాటి తీరు ఒకటే. రెండు పరీక్షలు చేస్తారు, అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తారు, కలవకపోతే ఒకటి తక్కువదంటారు. ఫోటోనూ మ్యాడక్స్‌నూ ఇలా పోటీకి నిలపడం తప్పని నా ఉద్దేశం. ఫోటో చెప్పేది కనుగుడ్డు ఎలా కూర్చుందన్నది. మ్యాడక్స్ చెప్పేది మెదడు ఏం చూస్తోందన్నది. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. జవాబులు కలవకపోవడం పరీక్ష లోపం కాదు, రోగి గురించిన సమాచారం.

పుట్టుకతోనే నాలుగో నరం బలహీనంగా ఉన్నవాళ్ల సంగతి చూడండి. ముప్పై ఏళ్లు దాటాక ఎప్పుడో చూపు రెండుగా కనిపిస్తోందని వస్తారు. ఫోటోలో మెలి స్పష్టంగా ఉంటుంది. మ్యాడక్స్ పెడితే గీతలు సమాంతరంగా ఉన్నాయంటారు, లేదా చాలా తక్కువ చెబుతారు. చిన్నప్పటి నుంచీ మెదడు ఆ వాలుకు అలవాటుపడి దాన్నే తిన్ననిదిగా లెక్కేసుకుంది. కొత్తగా దెబ్బ తగిలినవాడికి ఆ వ్యవధి లేదు. అతనికి ఫోటో, మ్యాడక్స్ రెండూ మెలిని చెబుతాయి. కాబట్టి ఫోటోలో ఉండి మ్యాడక్స్‌లో లేకపోతే జబ్బు పాతదన్న అనుమానం బలపడుతుంది. అప్పుడు డాక్టరు పాత పెళ్లి ఆల్బం, స్కూలు ఫోటోలు తెమ్మంటాడు. ఎప్పుడో తీసిన ఫోటోలో తల ఒక పక్కకు వంగి ఉంటే స్కానింగు ఖర్చు తప్పినట్టే. ఇంకో వింత కూడా ఉంది. జబ్బు కంటితోనే చూడటం అలవాటైన కొందరిలో మెలి మంచి కంట్లో కనిపిస్తుందని 1982లో ఒలివియె, ఫాన్ నూర్డెన్ రాశారు.

ఫోటో ఒక్కటే ప్రాణం నిలబెట్టే సందర్భం కూడా ఒకటుంది. మెదడు కాండంలో పక్షవాతం వచ్చినా ఒక కన్ను పైకి లేచి, నాలుగో నరం జబ్బులాగే కనిపించవచ్చు. దాన్ని స్క్యూ డీవియేషన్ అంటారు. నాలుగో నరం జబ్బులో పైకి లేచిన కన్ను బయటికి మెలి తిరుగుతుంది. స్క్యూలో పైకి లేచిన కన్ను లోపలికి తిరుగుతుంది. పడుకోబెట్టి మళ్లీ కొలిస్తే స్క్యూలో ఎత్తు తేడా సగమో అంతకన్నా ఎక్కువో తగ్గిపోవచ్చని టొరంటోలో ఆగ్నెస్ వాంగ్ బృందం చూపించింది. కళ్లు తిరుగుతూ, మాట తడబడుతూ వచ్చిన రోగి రెటీనా వైపు ఒక్కసారి చూడటం ఎమర్జెన్సీ డాక్టర్లకు కూడా అలవాటు కావాలి.

ఆపరేషను దగ్గరికొస్తే అంకెకు బరువు పెరుగుతుంది. మ్యాడక్స్‌లో 10 డిగ్రీలు దాటిన బయటి మెలి ఉంటే రెండు నరాలూ దెబ్బతిన్నాయని అనుమానించాలన్నది డాక్టర్లు పాటించే గుర్తు. అది ఒక కంటి జబ్బే అనుకుని ఒక కంటికే చేస్తే, దాగి ఉన్న రెండో కంటి జబ్బు ఆపరేషను తర్వాత బయటపడుతుంది. ఒక్క మెలినే సరిచేయడానికి 1964లో జపాన్‌లో హరాదా, ఇతో ఒక పద్ధతి కనిపెట్టారు. సుపీరియర్ ఆబ్లిక్ స్నాయువు ముందు పోగులను మాత్రమే విడదీసి బిగించడం. 1974లో పీటర్ ఫెల్స్ దాన్ని మార్చి ఇప్పటి రూపానికి తెచ్చాడు. ఎంత బిగించాలో నిర్ణయించేది ముందురోజు రాసుకున్న డిగ్రీలే. ఆ డిగ్రీలు ఏ పరీక్షతో వచ్చాయో కేస్ షీటులో రాయకపోతే, తర్వాత ఇంకో పరీక్షతో కొలిచి తగ్గింది, పెరిగింది అనడానికి అర్థం ఉండదు.

కాటరాక్టు ఆపరేషనులో ఆస్టిగ్మాటిజం సరిచేసే టోరిక్ లెన్సు వేయించుకునేవాళ్లకు కూడా మెలి సంబంధం లేనిది కాదు. పడుకున్నప్పుడు కన్ను కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. అందుకే కూర్చుని ఉండగానే కంటి మీద గుర్తు పెడతారు. లెన్సు ఒక డిగ్రీ తప్పితే దాని పనిలో సుమారు 3.3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తప్పితే మొత్తం పోతుంది.

నా తీర్పు ఇది. ఒకే పరీక్ష ఎంచుకోమంటే ఎంచుకోవడం కుదరదు, రెండు తప్పనిసరి. ఒకే రంగు బిళ్లలతో డబుల్ మ్యాడక్స్ రాడ్, తల తిన్నగా ఉంచి తీసిన రెండు కళ్ల ఫండస్ ఫోటో. ఈ రెండూ జిల్లా ఆసుపత్రిలో కూడా సాధ్యమే. ఫండస్ కెమెరా ఇప్పుడు షుగరు రోగుల కోసం చాలాచోట్లకు వచ్చింది, మెలి కొలవడానికి వేరే కెమెరా అక్కర్లేదు. ఆపరేషను ఆలోచిస్తే సినాప్టోఫోర్‌తో కింది చూపు తప్పక కొలవాలి, తర్వాత బాగోలీని గాజుతో రోగి నిజంగా ఎలా చూస్తున్నాడో అడగాలి. మిగతావి ఉన్నచోట వాడుకోవచ్చు, లేనిచోట బాధపడనక్కర్లేదు.

తలకు దెబ్బ తగిలాక వస్తువులు రెండుగా, అందులో ఒకటి వాలుగా కనిపిస్తుంటే, ముఖ్యంగా కిందికి చూసినప్పుడు, ఆ వాలు మాట డాక్టరుకు విడిగా చెప్పండి. రెండుగా కనిపిస్తోందని మాత్రమే చెబితే ఎవరూ మెలి వెతకరు. మెలి కొలవమని అడగండి, ఏ పరీక్షతో ఎన్ని డిగ్రీలు వచ్చిందో తారీఖుతో సహా రాయించుకుని ఆ కాగితం దాచుకోండి.